నాయనమ్మ జొన్నల పళ్లెం

నేను ఒక స్టీలు పళ్లాన్ని. కొట్టులో నా అంచున "గుండవరపు శేషమ్మ" అని పేరు చెక్కుతుంటే చక్కిలిగింతలు పెట్టినట్టయింది. ఆవిడ నన్నొక పెళ్లిలో చదివించింది. ఆ పెళ్లివారు నన్ను కొన్నాళ్లు అటక మీద ఉంచి, ఇంకో పెళ్లిలో చదివించారు. పేరు మాత్రం శేషమ్మదే! అలా చేతులు మారి, ఒక్కరూ నాలో అన్నం తినకుండానే సొట్టపడి, హైదరాబాదులో భ్రమరాంబగారి ఫ్లాటు బాల్కనీకి చేరాను.

అక్కడ నా ఉద్యోగం పావురాలకు జొన్నలు అందించడం. ఆవిడ మనవడు, ఆరేళ్ల రుషికి దగ్గు పట్టుకుంది. సిరప్పులు మార్చినా తగ్గలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పక్షులకు పెడితే పిల్లాడికి ఆయుష్షని నాయనమ్మ నమ్మకం. దగ్గు పెరిగిన కొద్దీ జొన్నలు పెంచింది. జొన్నలతోపాటు పావురాలూ పెరిగాయి. రుషి వాటి మధ్యే కూర్చుని మురిసిపోయేవాడు.

ఇంట్లో పక్షుల్ని పెంచుతున్నారా అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిందట. లేదని చెప్పి వచ్చిందట కోడలు నీరజ. అబద్ధమేం కాదు. ఇవి పెంచినవి కావుగా, వచ్చినవి!

ఎక్స్‌రే చూశాక డాక్టరమ్మే ఫోన్ చేసింది. సిగ్నల్ అందక నీరజ బాల్కనీలోకి వచ్చి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, ఆ గుటుర్ గుటుర్ ఏమిటి?"

"పావురాలండీ. మా అత్తయ్య గింజలేస్తారు."

"మరి పక్షులు లేవన్నారు?"

"అవి మావి కావు కదండీ..."

"ఎవరివైతే ఏంటమ్మా? ఎండిన రెట్టల దుమ్ము పీల్చినా ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తుంది. బాబుని తీసుకురండి, పరీక్ష చేసి మందు మారుస్తాను. ముందు ఆ మేత ఆపండి."

భ్రమరాంబగారు గుప్పిట్లో జొన్నలతో అలాగే నిలబడిపోయింది. "వాడి కోసమే కదే పెట్టాను!"

"తెలుసత్తయ్యా," అంటూ నీరజ ఆవిడ గుప్పిట మెల్లగా విప్పి జొన్నలు తీసుకుంది.

రుషిని మేనమామ ఇంటికి పంపి, ముక్కులకు మాస్కులు కట్టుకుని, నేలంతా తడిపి అత్తాకోడళ్లు బాల్కనీ కడిగారు. వల కట్టించారు. నన్ను మరిగే నీళ్లలో ముంచి తోమారు. పావురాలు ఎదురు బిల్డింగు గోడ మీద చేరి మమ్మల్ని తిట్టుకున్నాయి. కొత్త మందు పనిచేసింది. పిల్లాడు తిరిగొచ్చాడు.

ఇప్పుడు నేను వాడి డప్పుని. మెళ్లో తాడుతో వేలాడదీసుకుని, గరిటెతో బాదుతూ హాలంతా గంతులు. "జరగండి జరగండి! బ్యాండు మేళం వస్తోంది!" గొంతు చించుకుని అరుపులు.

కింది ఫ్లాటావిడ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది. "భ్రమరాంబగారూ, ఏమిటండీ ఈ గోల?"

"మావాడేనండీ! పొద్దుట్నుంచీ అరుస్తున్నాడు, ఒక్క దగ్గు లేదు. ఉండండి, తలుపు బార్లా తీస్తాను. ఇంకా బాగా వినిపిస్తుంది!"