మార్లిస్ తుపాకీకి పట్టే తూటా

నా భార్య మార్లిస్ పోయాక ఆమె వేట తుపాకీని నేను బీరువాలోంచి తీయలేదు. ఈ అక్టోబరులో పక్కింటి జోలీన్ అడిగితే తీశాను. వృద్ధాశ్రమంలో ఒక ముసలాయన్ని లేపబోయి ఆమె కుడి భుజం చెడింది. పని పోయింది, ఇద్దరు పిల్లలు. ఒక్క జింక దొరికితే చలికాలమంతా మాంసానికి వెతుక్కోనక్కర్లేదు. లైసెన్సు ఉంది. కానీ వాళ్ళింట్లో ఉన్న తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకు ఆ భుజం ఆగదు.

మార్లిస్ తుపాకీ నెమ్మదైనది. చిక్కల్లా తూటాతోనే. దానికి రాబర్ట్స్ రకమే పట్టాలి, ఆ రకం ఇప్పుడు మా మోంటానాలో వాడేవాళ్ళే తక్కువ. పెట్టెలో మిగిలినవి గురి సరిచూసుకోవడానికే చాలవు.

వెండెల్ తుపాకుల దుకాణానికి వెళ్ళాం.

"రాబర్ట్సా? గుర్రబ్బండికి స్టెప్నీ అడిగినట్టుంది మాస్టారూ!" అన్నాడు వెండెల్. "అది నాకిచ్చేసి ఈ మూడొందల ఎనిమిది రకం తుపాకీ పట్టుకెళ్ళండి. దీని తూటాలు పెట్రోలు బంకులో కూడా దొరుకుతాయి."

"తుపాకులమ్ముతావా, ఉపన్యాసాలా?" అంది జోలీన్.

"ముందు పేల్చి చూడు తల్లీ, తర్వాత తిడుదువుగాని."

అతని మాటలో తప్పేమీ లేదు. ఊరూరా దొరికేది ఉండగా దొరకనిదాన్ని పట్టుకు వేలాడడం ఎందుకు? దుకాణం వెనక మట్టిగట్టు మీదికి జోలీన్ ఒక్కసారి పేల్చింది. "బాగానే ఉంది" అంటూ మొహం అటు తిప్పుకుంది. ఎడం చేత్తో కుడి భుజం అదుముకుంది. వెండెల్ చూడనట్టే తుపాకీ అందుకుని పక్కన పెట్టాడు.

నావైపు తిరిగి అడిగాడు: "మార్లిస్ ఖాళీ తొడుగులు దాచేది కదా, ఏవీ?"

పేలిన తూటాల ఇత్తడి తొడుగులు. నేను వేటకు వెళ్ళే మనిషిని కాను.

"ఒక బరువైన కాఫీ డబ్బా ఉంది. గరాజు తలుపుకి అడ్డం పెట్టాను."

"హవ్వ! ఆవిడుంటే మిమ్మల్నే తలుపుకి అడ్డం పెట్టేది. పట్రండి. వాటిని మళ్ళీ తూటాలు చేసే అచ్చులు నా దగ్గరున్నాయి, ఏటా ఆవిడకి మందు నింపిచ్చింది నేనే. తొడుగులే మిగల్లేదనుకున్నా."

నవంబరులో, కోసిన గోధుమ చేను అంచున, జోలీన్ పక్కనే మంచులో పడుకున్నాను. ఆడజింక చేలోకి వచ్చి పక్కకు తిరిగింది. ఒకటే చప్పుడు. జింక నాలుగడుగులు వేసి కూలిపోయింది. జోలీన్ తుపాకీ బోల్టు లాగి, మరో తూటా ఎక్కించి, అది కదలడం లేదని తేలేదాకా చూసింది. తర్వాత తుపాకీ ఖాళీచేసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మంచులో వెతకడం మొదలుపెట్టింది.

"ఏం పడిపోయిందమ్మా?"

"తొడుగు, మాస్టారూ. వచ్చే ఏడాదికి కావాలిగా."

"భుజం ఎలా ఉంది?"

"దాని సంగతే మర్చిపోయా."

కళ్ళజోడు తుడుచుకుని నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నాను. మంచులో చిన్న బొరియ కనిపించింది. వేలు పెడితే అడుగున ఇత్తడి ఇంకా వెచ్చగానే ఉంది.