షహాబ్ అని పిలిస్తే

మా ఆయన ఎస్మాయిల్‌కి ఇరవై ఏళ్ళ పైచిలుకు నుంచి నామీద ఒకటే జోకు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా టీ వచ్చేలోపు ఎత్తుకుంటాడు. "మా తూబా ఉప్పు లారీని చూసి కొడుక్కి పేరు పెట్టింది" అని. అందరూ పడీ పడీ నవ్వుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

జరిగింది చెబుతాను, మీరే తేల్చండి. షహాబ్ నా కడుపులో ఉన్న వేసవి అది. మా ఎడారి ఊరు యజ్ద్‌లో ఎండాకాలం అందరం డాబాలమీదే పడుకునేవాళ్ళం. ఒక రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆకాశం ఈ చివర్నించి ఆ చివరికి భగ్గుమంది. పెరట్లో దానిమ్మ చెట్టు నీడ గోడమీద పడి, గోడ పొడుగునా జరుక్కుంటూ వెళ్ళి మాయమైంది. నీడ నడవడం నా ఈ రెండు కళ్ళతో చూశాను. మా ఆయన్ని కుదిపి కుదిపి లేపేసరికి ఏముంది, చిమ్మచీకటి. "రోడ్డుమీద ఉప్పు లారీ మలుపు తిరిగి ఉంటుందే, పడుకో" అన్నాడు.

మా అత్తగారు పుట్టబోయేవాడికి గులామలీ అని ముత్తాత పేరు ఖాయం చేసి కూర్చుంది. నేను ససేమిరా అన్నాను. రాలే చుక్కని మేము షహాబ్ అంటాం. నేను చూసింది అదే, నా కొడుకు పేరూ అదే. ఆ పేరు కోసం అత్తగారికీ నాకూ జరిగిన యుద్ధం వీధి వీధంతా విన్నది. ఆవిడ ఇప్పటికీ వాణ్ణి గులామలీ అనే పిలుస్తుంది. వాడు పలుకుతాడు కూడా, వెధవ.

పేరు మహిమో ఏమో, బళ్ళో ఉండగానే వాడికి ఆకాశం పిచ్చి పట్టుకుంది. ఊళ్ళో అలాంటి పిచ్చివాళ్ళు ఇంకో అయిదుగురున్నారు. చుక్కలు బాగా రాలే రోజులు వస్తే చాలు, దుప్పట్లు చంకన పెట్టుకుని ఎడారిలోకి పరుగు. షహాబ్ చిన్న చిన్న రాలే చుక్కలు కొల్లలుగా చూశాడు. కానీ అగ్నిగోళం అంటారే, ఆకాశాన్ని పట్టపగలు చేసేసేది, అది మాత్రం వాడి కంట పడలేదు. పక్కవాడికి కనిపిస్తుంది, వెనకవాడికి కనిపిస్తుంది, వీడికి కనిపించదు. వాడి స్నేహితులు నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు, పాపం, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఈ చలికాలం వాడికి సైన్యం పిలుపు వచ్చింది. రెండేళ్ళు, మా దేశంలో మగపిల్లలకి తప్పదు. ఎక్కడో ఉత్తరాన సముద్రపు ఒడ్డున. అక్కడ సగం రోజులు వాన, మిగతా సగం మబ్బు. బస్సు ఎల్లుండి అనగా, చలికాలపు పెద్ద ఉల్కల వాన ఆ రాత్రే పడింది. "ఇదే ఆఖరి అవకాశం అమ్మా" అన్నాడు బూట్లు కట్టుకుంటూ. ఉన్నవి రెండు రాత్రులు, అందులో ఒకటి చుక్కలకిచ్చి నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా? "నేనూ వస్తున్నా" అని టీ కాచే సమోవార్ చేతికి తీసుకున్నాను. మా ఆయన దుప్పట్లోంచి తల బయట పెట్టి, "లారీ కనిపిస్తే నంబరు చూసిరా" అన్నాడు.

కియూమర్స్ గారి పాత వ్యానులో వెళ్ళాం. ఆయన పళ్ళ డాక్టరు, ఈ మూకకి పెద్ద. ఎడారిలో ఎప్పటిదో పాడుబడ్డ సరాయి, బాటసారుల సత్రం, ఒకటుంది, దాని పక్కన బండి ఆపాడు. అబ్బ, ఏం చలి! పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కానీ తలెత్తితే చుక్కలే చుక్కలు. నేను సామాను దింపుతూ, సమోవార్ బరువుకి చెయ్యి లాగేసి కేకేశాను.

"ఒరేయ్ షహాబ్!"

అంతే, ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తలలు పైకెత్తేశారు. కియూమర్స్ గారి చేతిలో దుప్పట్ల కట్ట కాళ్ళమీద పడింది. "ఎక్కడ? ఎటువైపు? పెద్దదా?" ఫిరూజే అని ఒక మందుల షాపు పిల్ల ఉంది, అది ఫోనులో మాటలు రికార్డు చేస్తూ లెక్క చెబుతుంది. అది అప్పుడే "మొదటిది, దిక్కు తెలియదు" అని చెప్పేసింది కూడా.

"మొదటిదీ లేదు రెండోదీ లేదు. నా కొడుకుని పిలిచాను, సమోవార్ పట్టుకోమని" అన్నాను.

ఒకటే నవ్వులు. కియూమర్స్ గారు కాలు రుద్దుకుంటూ, "తూబా ఖానుమ్, మీకు దణ్ణం పెడతాను, ఇక్కడ వాణ్ణి ఆ పేరుతో పిలవకండి. చుక్క రాలితే మేము అరిచే మాట అదే. మొదట్లో మేము అరిచినప్పుడల్లా వాడు 'ఏంటి?' అని మావైపు తిరిగేవాడు, చుక్క పోయేది. ఎన్ని పోగొట్టుకున్నాడో! అందుకే రాత్రి కాపలాలో వాడికి పేరు మార్చేశాం" అన్నాడు.

"మరి మీరేమని పిలుస్తారు?"

ఫిరూజే నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటోంది. చివరికి అదే వ్యాను వైపు తిరిగి, "గులామలీ! మీ అమ్మగారు పిలుస్తున్నారు" అంది.

"ఆఁ, వస్తున్నా!" అన్నాడు నా కొడుకు, వెనకనుంచి.

ఇరవై ఏళ్ళు అత్తగారితో పోరాడి నిలబెట్టుకున్న పేరు! "ఎంత ద్రోహం రా! లోకంలో పేర్లకి కరువొచ్చిందా? ఇంకోటి దొరకలేదా?"

"అలవాటైన పేరైతేనే కదమ్మా చీకట్లో పలికేది."

"మీ నానమ్మకి తెలుసా?"

"చెప్పలేదు. చెబితే మేళం పెట్టి ఊరేగుతుంది."

"నా కంఠంలో ప్రాణం ఉండగా నేను నిన్నలా పిలవను. అవసరమైతే ఈల వేస్తాను" అన్నాను. వేశాను కూడా, రెండు సార్లు. ఫిరూజే పొట్ట పట్టుకుని నవ్వింది.

తరవాత పాఠం మొదలైంది. అందరం తలలు ఒకచోట, కాళ్ళు బయటికి పెట్టి గుండ్రంగా పడుకోవాలి. ఆకాశం ఎవరి ముక్క వాళ్ళది. పక్కవాడు ఎంత గట్టిగా అరిచినా తల తిప్పకూడదు. నువ్వు తిరిగేసరికి అది పోతుంది, ఈలోగా నీ ముక్కలో ఏం రాలిందో నీకు తెలీదు. లెక్క గోవిందా. షహాబ్‌ది దక్షిణం. నాకు ఉత్తరం ఇచ్చారు, సగం సరాయి గోడే అడ్డం, పని రానివాళ్ళకిచ్చే ముక్క అన్నమాట. చక్కెర గడ్డల డబ్బా వెతుక్కుంటూ ఫోను లైటు వేశానో లేదో, "లైటు! లైటు!" అని అందరూ కళ్ళు మూసుకుని గగ్గోలు. చీకటికి అలవాటు పడ్డ కళ్ళు పాడయ్యాయట. ఫిరూజే వచ్చి నా ఫోను తీసేసుకుని తన కోటు జేబులో వేసుకుంది. నా వయసుకి ఇదేం ఖర్మ అనుకున్నాను.

కానీ నిజం చెప్పొద్దూ, మొదటిది నా ముక్కలో జర్రున జారేసరికి లేచి గెంతాను! గోడమీద నుంచి తెల్లటి గీత. ఏమని అరవాలో తెలీక "ఏయ్! ఏయ్! అదిగో!" అన్నాను. ఫిరూజే నవ్వుతూనే లెక్కలో వేసింది. ఇక మొదలైంది చూడండి. అటు "షహాబ్!", ఇటు "షహాబ్!". ఒకటి ఆరకముందే ఇంకోటి. రెండు జంటగా జారాయి. ఒకటి నారింజ రంగుది మెల్లగా పాకుతూ పోయింది. చలి ఎటు పోయిందో తెలీలేదు. మా ఆయన జోకూ, అత్తగారి పేరూ, ఎల్లుండి బస్సూ అన్నీ మరిచిపోయి చిన్నపిల్లలా అరుస్తున్నాను. నా చుట్టూ అందరూ నా కొడుకు పేరే అరుస్తున్నారు. వాడొక్కడే కదలడు, మెదలడు, తన దక్షిణం ముక్కని గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

రాత్రి సగం దాటాక కియూమర్స్ గారి గొంతు మారింది. "షహాబ్! ఓహో, ఓహో, ఎంత పెద్దది!" ఇసకమీద సన్నగా ఆకుపచ్చ వెలుగు తగిలింది. షహాబ్ పళ్ళు బిగించుకుని తన వైపే చూస్తూ ఉండిపోయాడు, నియమం నియమమే. కియూమర్స్ గారికి వెంటనే మనసు చివుక్కుమన్నట్టుంది. "అబ్బే, అంత గొప్పదేం కాదులే. ఒరేయ్ గులామలీ, నువ్వు నా తూర్పుకి రా, నీ దక్షిణం నేను చూస్తాను" అన్నాడు. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. మార్చుకుని దుప్పటి సరిగ్గా కప్పుకున్నారో లేదో, దక్షిణంలో ఇంకో పెద్దది! అలవాటుకొద్దీ అందరూ నవ్వారు. తరవాత ఎవరికీ నవ్వు రాలేదు. వాడే లేచి, మళ్ళీ తన దక్షిణానికి వెళ్ళి పడుకున్నాడు.

"ఫర్వాలేదులే, రెండేళ్ళేగా" అన్నాడు షహాబ్.

ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు బంతి పోగొట్టుకుని గదిలో మూల కూర్చుని అన్నీ బాగానే ఉన్నాయని చెప్పే గొంతు. నువ్వు అంతమందికి చూపిస్తావు, నా పిల్లాడికి ఒక్కసారి చూపిస్తే నీ సొమ్మేం పోయింది అని ఆకాశాన్ని తిట్టాను, పైకే తిట్టాను. ఇక పడుకోలేక, "టీ పెడతాను" అని లేచాను.

సమోవార్ గోడ దగ్గరుంది. గ్లాసుల్లో టీ వంచి, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, గోడపైకి తల ఎత్తాను. అప్పటికి ఆ అలవాటు పట్టుకుందిగా మరి. గోడ చివర, కిందుగా, ఒక చుక్క కనిపించింది. జర్రున పోలేదు. నింపాదిగా గోడమీదుగా నడుస్తోంది. నడుస్తూ ఉబ్బింది. తెల్లగా, ఆపైన పచ్చగా, ఆపైన చూడలేనంత. నా చేతిలో గ్లాసులు ఒక్కొక్కటే విడివిడిగా కనిపించాయి. పళ్ళెం ఎప్పుడు వదిలేశానో నాకు తెలీదు.

"షహాబ్!" అని అరిచాను. గుండెల్లో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను. చుక్కని చూసి అరిచానో కొడుకుని పిలిచానో నాకే తెలీదు.

"అబ్బా తూబా పిన్నీ, మళ్ళీ మొదలెట్టావా!" అంది ఫిరూజే. ఒక్కరు తల తిప్పలేదు. నియమం ఒకటి, అరిచింది నేను కావడం ఒకటి. మరుక్షణం వాళ్ళ ముందున్న ఇసక తెల్లగా వెలిగింది. అప్పుడు చూడాలి, దుప్పట్లలో చిక్కుకుని, ఒకళ్ళమీద ఒకళ్ళు పడి, మెడలు తిప్పి చూసేసరికి గోడపైన మిగిలింది పొగ చార మాత్రమే. కియూమర్స్ గారు జుట్టు పీక్కున్నాడు.

నా కొడుకు మాత్రం అప్పటికే మోకాళ్ళమీద నిలబడి ఉన్నాడు, నోరు తెరుచుకుని. మొదటి నుంచి చివర్న ముక్కలు ముక్కలుగా విరిగేదాకా, మొత్తం చూశాడు.

"చూశావా? చూశావారా?" అని పరిగెత్తాను.

"చూశానమ్మా! చూశాను! చూశాను!" వాడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. నేను వాడి వీపు బాదుతున్నాను, ఇద్దరం అరుస్తున్నాం.

"తల తిప్పకూడదన్నారుగా, ఎందుకు తిరిగావు?"

"నువ్వు పిలిచావుగా" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. తరవాత నన్ను కిందికి దింపి, నా కాళ్ళ దగ్గర ఇసక వైపు చూశాడు. "అమ్మా, నీ నీడ. అటునుంచి ఇటు నడిచింది. నా కాళ్ళమీదుగా వెళ్ళింది. నువ్వు దానిమ్మ చెట్టు గురించి చెబుతావే, అచ్చం అలాగే."

ఇరవై ఏళ్ళ పైచిలుకు నుంచి నేను చెబుతున్న మాట ఒక మనిషి నోట వినడం అదే మొదలు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఫిరూజే వైపు చెయ్యి చాచాను. "నా ఫోను ఇవ్వు. లైటూ లేదు గీటూ లేదు, ఇవ్వు."

మా ఆయన చాలాసేపటికి ఎత్తాడు. "ఏమైందే? షహాబ్‌కేమైనా అయిందా?"

"ఏమయ్యా, ఇక్కడ రోడ్డు లేదు, మలుపు లేదు, ఉప్పు లేదు. మరి నా నీడ నడిపించిన లారీ ఏదయ్యా? చెప్పు, నంబరు రాసుకుంటాను!"

షహాబ్ ఫోను లాక్కున్నాడు. "నాన్నా, అమ్మ చెప్పింది నిజం. నేను చూశాను."

అటునుంచి మా ఆయన, "అయితే మీ అమ్మ ఆ రోజు నన్ను ఇంకాస్త గట్టిగా లేపాల్సింది కదరా, నేనూ చూసేవాణ్ణి" అన్నాడు. మొండి మనిషి. ఆయన్నుంచి ఒప్పుకోలు అంటే అంతే, నాకు చాలు.

బస్సు రోజు మధ్యాహ్నం బస్టాండుకి అందరూ వచ్చారు. కియూమర్స్ గారు పళ్ళ ఆసుపత్రి మూసేసి వచ్చాడు. ఫిరూజే దారిలో తినమని ఎండు అంజీరాలు తెచ్చింది. మా అత్తగారు "గులామలీ, నా బంగారూ" అని వాడి మెడ పట్టుకుని వదల్లేదు, నేనూ ఏమీ అనలేదు. బస్సు కదిలింది. ఆవిడ దాని వెనకాల గిన్నెడు నీళ్ళు కుమ్మరించింది, క్షేమంగా తిరిగి రావాలని. అప్పటిదాకా బాగానే ఉన్నాను. నీళ్ళు రోడ్డుమీద పారడం చూశాక ఇక ఆగలేకపోయాను.

"షహాబ్!" అని కేక పెట్టాను.

కియూమర్స్ గారూ, ఫిరూజే, ఆ మిగతా పిచ్చివాళ్ళూ, పట్టపగలు, ఎండలో, కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూశారు. ఏమిటా అని మూటలు మోసేవాళ్ళు కూడా చూశారు. ఆఖరికి మా ఆయన కూడా తల ఎత్తాడు. బస్సు కిటికీలోంచి వాడొక్కడే నావైపు తిరిగాడు.