పెండింగ్‌లో ఉన్నవి ముందుగా

మా ఆయన పేరు శ్రీశైలం, సాంకేతిక విద్యా బోర్డులో సీనియర్ అసిస్టెంటు. ఇబ్రహీంపట్నంలో మా వీధివాళ్ల లెక్కలో మాత్రం బోర్డు మొత్తం ఆయనే. ఎవరి పిల్లాడు డిప్లొమా తప్పినా, ఎవరి మెమోలో ఇంటిపేరు తారుమారైనా, తెల్లారేసరికి మా గేటు చప్పుడవుతుంది. ఆయన వేపపుల్ల నములుతూనే అందరికీ ధైర్యం చెప్పి పంపుతాడు. ఆ ధైర్యం వెనుక ఏమీ లేదని నాకు తెలుసు. పాపం, వచ్చినవాళ్లకు తెలియదు.

భాగ్య అలా గేటు దగ్గర నిలబడే రకం కాదు. వాళ్లది మా పక్కిల్లే. యాచారం దగ్గర ఉన్న భూమి ఫార్మాసిటీ కిందికి పోయాక, వచ్చిన పరిహారంతో ఇక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. తండ్రి ఎల్లస్వామి యాచారం రూట్లో ఆటో నడుపుతాడు. తల్లి బుగ్గమ్మ నర్సరీలో పనికి పోతుంది. నన్ను వదినా అని, మా ఆయన్ను అన్నా అని పిలుస్తుంది కాబట్టి భాగ్యకు మేం అత్తామామలం. పిల్ల మెకానికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైంది. పాసైన నెలలోనే ఆదిబట్ల వైపు విమానాల భాగాలు చేసే ఒక కంపెనీ తనిఖీ విభాగంలో ట్రైనీగా ఎంపికైంది. ఆ రోజు బుగ్గమ్మ డబ్బా నిండా గరిజెలు తెచ్చింది. మా ఆయన ఒక్కడే సగం తిన్నాడు.

చేరడానికి ఒక్కటే మిగిలింది. భాగ్య సర్టిఫికెట్ అసలైనదేనని బోర్డు నేరుగా కంపెనీకి చెప్పాలి. కంపెనీ అడిగింది, భాగ్య ఫీజు కట్టింది, దరఖాస్తు బోర్డుకు చేరింది. రెండు దినాల్లో అయిపోయే పని, నాకొదిలెయ్యమని మా ఆయన ఎల్లస్వామి భుజం తట్టాడు.

సరిగ్గా అప్పుడే బోర్డు కంప్యూటర్లు చూసే ఏజెన్సీ గడువు ముగిసింది. మార్కులన్నీ బోర్డుకు అప్పగించి, తమ సర్వర్ మూసుకుని వాళ్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను పెట్టుకోవాలంటే టెండరు పిలవాలి. ఈసారి పరీక్ష ఫీజు దగ్గర్నుంచి సర్టిఫికెట్ దాకా అన్ని పనులనూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి తేవాలని పెద్దవాళ్లు నిర్ణయించారట. మంచిదే, కాదని ఎవరంటారు? అందాకా చేత్తో రాసివ్వొచ్చు కదా అన్నాను. కుదరదట. వెనుకెప్పుడో ఎవడో దొంగ ముద్రతో ఉత్తరాలు పుట్టించాడని, అప్పట్నుంచి కంప్యూటర్ పంపే జవాబు తప్ప సంతకం పెట్టిన కాగితం చెల్లదని ఉత్తర్వు ఉందట.

నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. పిల్లలు అర్థంలేని జవాబు చెబితే ఊరుకోను. మొగుడు చెబితే అసలే ఊరుకోను.

"మార్కులు మీ బోర్డుల ఉన్నయి. పిల్ల పక్కింట్ల ఉన్నది. కంపెనీ కండ్ల ముందట ఉన్నది. ఇంక నడుమ ఏమడ్డమయ్యా?" అన్నాను.

"టెండర్" అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ.

టెండరు ప్రకటన పేపర్లో వచ్చిన రోజు ఎల్లస్వామి ఆ పేపరు కొనుక్కొచ్చి భాగ్యతో మొత్తం చదివించుకున్నాడు. అందులో ఏజెన్సీ అనుభవం, సర్వర్లు, భద్రత, శిక్షణ అన్నీ ఉన్నాయి. వాళ్ల పిల్ల సంగతి ఎక్కడ రాశారని మా ఆయన్ను అడిగాడు. ఆయన పేపరు మడిచి తిరిగిచ్చాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

బిడ్లు తెరిచిన రోజు ఆయన ముఖం వేలాడేసుకుని బస్సు దిగాడు. ఒక్కటే బిడ్డు వచ్చిందట. ఒక్కటే వస్తే పోటీ లేనట్టు, పోటీ లేకపోతే మళ్లీ పిలవాలట. మా క్లాసులో ఒక్క పిల్లే చెయ్యెత్తినా నేను ఆ పిల్ల చేతే చెప్పిస్తాను. అక్కడ మాత్రం ఒక్కరే చెయ్యెత్తితే అందరినీ మొదటినుంచి అడగాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. అదే నాకు ఒళ్లు మండే సంగతి. తిట్టడానికి ఒక్క మనిషైనా దొరకని కష్టం ఉంది చూశారా, అది మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

రెండోసారి పిలిచే టెండరు షరతులు టైపు చేసే పని మా ఆయన మీదే పడింది. అది తెలిసిన సాయంత్రం నేను ఆయన్ను వదల్లేదు. ఆగిపోయిన దరఖాస్తుల సంగతి కూడా అందులో రాయమన్నాను. ఒక్క పిల్ల కోసం టెండర్లో రాస్తారా, నవ్విపోతారని ఆయన కసురుకున్నాడు. ఒక్క పిల్లని ఎవరు చెప్పారు, భాగ్యలాంటి వాళ్లు ఎంతమంది ఆగిపోయారో ముందు ఆఫీసులో అడిగి చూడమన్నాను. నాలుగు రోజులు పోరాను. చివరికి ఆయన భయపడుతూనే ఫైల్లో ఒక పేరా పెట్టాడు. కొత్త వ్యవస్థ మొదలైన వెంటనే, మిగతా పనులకంటే ముందుగా, పెండింగ్‌లో ఉన్న ధ్రువీకరణలను తేదీల వారీగా పూర్తిచేయాలి. ఎవరి సంతకం కోసమూ ఆగకుండా జవాబు నేరుగా అడిగిన సంస్థకే పోవాలి.

పై అధికారి ఆ పేరా చదివి బాగుందన్నాడట. ఇన్నేళ్ల నౌకరీలో మా ఆయన రాసినదాన్ని ఎవరైనా బాగుందనడం అదే మొదటిసారి. ఆ పూట ఇంకో రొట్టె అడిగి వేయించుకున్నాడు. గోడ మీదుగా పిలిచి ఎల్లస్వామికి కూడా చెప్పాడు. నా సంగతి చెప్పాలా, ఆ పేరాకు అమ్మను నేనే అన్నట్టు వారం రోజులు తిరిగాను.

రెండోసారి బిడ్లు వచ్చాయి. ఈసారి ఒక షరతు బాగాలేదని ఒక కంపెనీ ఫిర్యాదు పెట్టింది. సవరణ వేశారు. సవరణ మీద సందేహాలు వచ్చాయి, గడువు పెంచారు. మళ్లీ పెంచారు. ఆదిబట్ల కంపెనీవాళ్లు నిజానికి మంచివాళ్లే, రెండుసార్లు ఆగారు. మూడోసారి ఫోను చేసి, ఇంక ఆగలేమని, ఆ సీటు వేరేవాళ్లకు ఇస్తున్నామని చెప్పారు. భాగ్య ఆ ఫోను మా వాకిట్లోనే మాట్లాడింది. సరే సార్, థాంక్స్ సార్ అంది. ఫోను పెట్టేసి నాతో కలిసి మిగిలిన బట్టలు ఆరేసింది. ఆ థాంక్స్ ఎందుకు చెప్పిందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఎల్లస్వామి ఆటో రిపేరుకొచ్చి, ఇల్లు గడవడం కష్టమయ్యాక, భాగ్య అదే కంపెనీలో ప్యాకింగుకు హెల్పర్లను పంపే కాంట్రాక్టరు మనిషి ఇంద్రసేన దగ్గరికి పోయింది. డిప్లొమా చదివినవాళ్లను హెల్పర్లుగా తీసుకోవద్దని కంపెనీ మాట. వాళ్లు నాలుగు నెలలకే వెళ్లిపోతారు, లేదంటే పెద్ద పని అడుగుతారు. అందుకని భాగ్య పదో తరగతి మెమో మాత్రం పెట్టింది. ఆపైన చదువు అన్నచోట లేదని రాసింది. హెల్పర్ల కాగితాలు కాంట్రాక్టరు దగ్గరే ఉంటాయి కాబట్టి అప్పట్లో పాత దరఖాస్తుతో ఎవరూ పోల్చలేదు. మా పట్నంలో ఆ పని చేసింది ఆమె ఒక్కతే కాదు. పొద్దున బస్టాండు దగ్గర కంపెనీ బస్సు ఎక్కేవాళ్లలో బీటెక్కులు కూడా ఉంటారు, కాగితం మీద అందరూ పదో తరగతివాళ్లే.

ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. బల్ల మీద విడిభాగం కొలతల డ్రాయింగు అంటించి ఉంటుందట, అటు కళ్లు పోకుండా పనిచేయడమే కష్టమట. తనకు రావాల్సిన సీట్లోకి వచ్చిన అమ్మాయి, అంకిత అని, ఒకసారి కొలిచే పరికరం చేతికిచ్చి, జర పట్టుకోమందట. మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి పట్టుకున్నానత్తా అని నవ్వింది.

అలా ఏడాది దాటింది. టెండరు ఎవరికో ఖాయమై, పాత మార్కులన్నీ కొత్త సర్వర్లోకి ఎక్కిస్తున్నారని మా ఆయన చెప్పేవాడు. భాగ్య దరఖాస్తు అక్కడ ఉందన్న మాట మేమెవరమూ మరచిపోలేదు. అది కదిలితే మంచే జరుగుతుందనుకున్నాం. జవాబు వచ్చాక దాన్ని పట్టుకుని ఇంకోచోట ప్రయత్నించొచ్చని మేమే భాగ్యకు చెప్పేవాళ్లం. జవాబు వచ్చేది భాగ్య చేతికి కాదని, అడిగిన కంపెనీకని ఆ పేరాలో మేమే రాయించుకున్నాం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసే బుద్ధి భాగ్యతో కలిపి మా ముగ్గురిలో ఒక్కరికీ పుట్టలేదు.

మార్చిలో కంపెనీ ఒక కబురు చెప్పింది. ఏడాదిగా సెలవులు పెట్టకుండా బాగా పనిచేసిన హెల్పర్లను కాంట్రాక్టు నుంచి తీసి, ఆపరేటర్లుగా సొంత ఉద్యోగుల్లో చేర్చుకుంటారట. భాగ్య పేరు వచ్చింది. దవాఖాన కార్డు, పీఎఫ్, అన్నీ. ఒకటో తారీఖు నుంచి కొత్త యూనిఫాం. బుగ్గమ్మ మళ్లీ గరిజెలు చేసింది. ఈసారి నేనే ఎక్కువ తిన్నాను.

ఒంటిపూట బళ్లు మొదలైన రోజులు. నేను స్కూలు నుంచి వచ్చి తాళం తీస్తుంటే భాగ్య మా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద యూనిఫాం ఉంది, మెడలో కార్డు లేదు. లోపలికి తీసుకుపోయి మంచినీళ్లిచ్చాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. జరిగింది మొదటినుంచి చెప్పింది.

పొద్దున హెచ్ఆర్ మేడమ్ పిలిచిందట. కంప్యూటర్లో బోర్డు నుంచి వచ్చిన జవాబు చూపించిందట. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు అన్నీ ఉన్నాయి. సర్టిఫికెట్ అసలైనదే, ఫస్ట్ క్లాస్. పక్కనే హెల్పరుగా చేరేటప్పుడు తను నింపిన కాగితం. వీటిలో ఏది నిజమని అడిగితే, రెండూ నావే మేడమ్ అందట. ఆమె తిట్టలేదు. చదువు దాచిపెట్టి చేరినవాళ్లను ఉంచుకోవడానికి రూలు ఒప్పుకోదంది. మరి ఆ చదువుకు తగ్గ ఉద్యోగమే ఇవ్వండని భాగ్య అడిగింది. ట్రైనీలుగా ఆ ఏడాది పాసైనవాళ్లనే తీసుకుంటారట. పైగా ఒకసారి దాచి దొరికినవాళ్లను ఇంక ఎప్పుడూ పనిలో పెట్టుకోవడానికి లేదట. గేటు దగ్గర కార్డు తీసుకున్నారు. కంపెనీ బస్సు సాయంత్రం దాకా లేదు కాబట్టి బొంగులూరు గేటు చౌరస్తా దాకా నడిచొచ్చి ఆటో ఎక్కింది.

"ఏడాది సంది ఎవ్వలకు దొరకకుండ ఉన్ననత్తా" అంది. "ఆ జవాబొక్కటి పట్టిచ్చింది."

నేనేదో అనబోయేలోపు గేటు చప్పుడైంది. మా ఆయన పెందలాడే వచ్చేశాడు. చేతిలో స్వీటు డబ్బా ఉంది. ఆఫీసులో కొత్త వ్యవస్థను లాంఛనంగా ప్రారంభించారు, అందరికీ పంచారు. గుమ్మంలోంచే భాగ్యను చూసి ఆయన ముఖం విప్పారింది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు. నేను కళ్లతో సైగ చేశాను, చేత్తో చేశాను. చూడలేదు.

"నిన్ననే జవాబులన్ని పోయినయట బిడ్డా. ఇయ్యాల పెద్దసారు ముందట తెర మీద చూపిచ్చిన్రు. మొట్టమొదట పోయింది ఎవలదో ఎరికేనా? నీదే. నీ పేరు చూసి నేను చప్పట్లు గొట్టిన."

భాగ్య లేచి నిలబడింది. ఆయనకు చెప్పక తప్పలేదు, నేనే చెప్పాను. వింటూ ఆయన డబ్బా చేత్తో పట్టుకునే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన్ను అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. పోరు పెట్టింది నేను, రాసింది ఆయన. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేకపోయాం.

"మామా" అంది భాగ్య మెల్లగా. "గా జవాబు వాపస్ తీసుకునేటట్టు కంప్యూటర్ల ఏమన్న ఉన్నదా?"

మా ఆయన నిజంగానే ఆలోచించాడు. పెదవులు కదుపుతూ టెండరు షరతులన్నీ మనసులో మొదటినుంచి చదువుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది.

"లేదు బిడ్డా" అన్నాడు చివరికి. "గసొంటిది ఒకటి కావాలని రాయనీకి మాకు తోచలే."

"పోనీ మామా. నువ్వేం జేస్తవ్" అంది భాగ్య.

ఆ మాటకు బదులు మా ఇద్దరినీ నాలుగు తిట్టి ఉంటే, తలొంచుకుని పడేవాళ్లం. ఆ పిల్లే మమ్మల్ని ఓదారుస్తుంటే ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. బయట ఎల్లస్వామి ఆటో ఆగింది. బుగ్గమ్మ దిగుతూ, మా ఇంటి ముందున్న కూతురి బూట్లు చూసి, ఇయ్యాల తొందరగ ఇడిసిన్రా బిడ్డా అని సంబరంగా కేకేసింది.

భాగ్య నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకు నువ్వే చెప్పత్తా. నాతోని అయితలేదు."

సరే అన్నాను. బుగ్గమ్మ గేటు తీసుకుని లోపలికి వస్తోంది.