అతిథి నీళ్ళు

మళ్ళీ పియానో ఎందుకు? ఉన్నదానికే మసి పట్టి, నొక్కిన మెట్టు పైకి రావడం మానేసింది. అడిగింది మంచినీళ్ళు, వచ్చింది పియానో. అష్ఖెన్ బడి వంటగది కిటికీ దగ్గర నిలబడి పళ్ళు కొరుక్కుంది. పెరట్లో కూలీలు ఆ బరువును బండిలోంచి దించుతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

దాన్నిచ్చిన బాగ్దసార్ అఘా ముందుగదిలో టీ కోసం ఎదురుచూస్తున్నాడు. బాకూ చమురు బావుల మీద గడించి, అక్కడ పనిచేసే తోటి ఆర్మేనియన్ల ఆడపిల్లలకు ఈ బడి కట్టించినవాడు. మంచివాడే. అదే చిక్కు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేది.

ఇందాక ధైర్యం చేసి మళ్ళీ అడిగింది. "అఘా, మన నూతినీళ్ళు ఒట్టి ఉప్పుకషాయం. పిల్లలకి రోజూ కడుపునొప్పులే. ఓడల్లో వచ్చే మంచినీళ్ళు బడికి కూడా తోలించండి."

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. "నాకా చెబుతావు అమ్మాయీ? వచ్చినప్పుడల్లా మీ టీ తాగుతూనే ఉన్నాను. మా ఇంట్లో కూడా ఇంత బాగుండదు. పాఠాలు ఎగ్గొట్టడానికి పిల్లలకి అదో వంక!"

అది మీ కోసం విడిగా కొని దాచిన నీళ్ళతో కాచిన టీ అని చెప్పాల్సింది. గడప తొక్కినవాడితో అలాంటి మాట ఎలా అంటారు? చిన్నప్పుడు చుట్టాలొస్తే అమ్మ అష్ఖెన్ వంతు చెర్రీ మురబ్బా వాళ్ళ ముందు పెట్టి, "మా పిల్లకి తీపి గిట్టదు" అనేది. తను తలూపేది. ఆ తలూపుడు మెడలో ఇంకా మిగిలే ఉంది. పొద్దున కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్న సిరానుష్‌కి ముఖం కడిగి, స్వాగతగీతానికి ముందువరసలో నిలబెట్టింది తనేగా! "బాగానే ఉందిగా?" అంటే ఆ పిల్లా తలూపింది.

"పంతులమ్మా, ఆయన మళ్ళీ కేకేశాడు," అంటూ వంటమనిషి మారన్ మూలనున్న మంచినీళ్ళ రాగిబిందె మూత తీసింది.

"అవి కావు, పిన్నీ. నూతివి పొయ్యి."

"మతి పోయిందా? కిరసనాయిలు కంపు! ఆయనకి గుటక దిగదు."

"దిగొద్దు."

"బడి పరువేం కాను? ఈ పాపం నా చేత్తో చెయ్యను తల్లీ," అని మారన్ చేతులు వెనక్కి పెట్టుకుంది.

అష్ఖెన్ పిల్లలు తాగే నూతినీళ్ళ బకెట్టు దగ్గరికి వెళ్ళింది. పైన తేలుతున్న రంగుల నూనె తెట్టును పక్కకి ఊదకుండానే చెంబు ముంచి, టీ కాచే సమోవార్‌లో పోసింది.