స్టీరింగ్ కింద స్విచ్

కారు వేడెక్కిందని ఎవరు ఫోన్ చేసినా నేను మూడే అడుగుతాను. కింద నీళ్లు కారుతున్నాయా, ఇంజిన్ని చల్లబరిచే ఫ్యాను తిరుగుతోందా, వేడి చూపించే ముల్లు ఎక్కడుంది. పాతికేళ్లుగా షెడ్డు నడుపుతున్నవాణ్ణి. ఆ మూడు జవాబులతో సగం రోగం తేలిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది మా అక్క.

"ఒరేయ్, కారు పొగలు కక్కుతోందిరా. మీ బావకి మూతి వంకర పోయింది, ఒక చెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది. నేనే తోలుకుంటూ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం."

"ముందు ఇంజిన్ ఆపెయ్."

"అదే ఆగిపోయింది. మళ్లీ స్టార్టవట్లేదు."

"కింద నీళ్లేమైనా కారుతున్నాయా?"

"లేదు."

"ఆగకముందు ఫ్యాను చప్పుడు వినిపించిందా?"

"ఏ చప్పుడూ లేదురా. అంబులెన్సుకి చెప్పాను, అది రావడానికీ దారి లేదు. త్వరగా ఏదో ఒకటి చెప్పు!"

రోగమేమిటో నాకు తెలిసిపోయింది.

ఏడాది కిందట ఆ కారులో ఫ్యానుని ఆన్ చేసే సెన్సార్ చెడిపోయింది. సరైనది దొరక్క, ఫ్యానుకి నేరుగా వైరు లాగి, స్టీరింగ్ కింద ఒక స్విచ్ పెట్టాను. రోడ్డు ఖాళీగా ఉంటే ఎదురుగాలి చాలు. ట్రాఫిక్‌లో మాత్రం చేత్తో స్విచ్ వేసుకోవాలి.

"ఇది మీ అక్కకి చెప్పకు బామ్మర్దీ," అని అప్పుడు బావ నవ్వాడు. "తమ్ముడి పనితనం గురించి ఊరంతా డప్పు కొడుతోంది. పాపం, దాని పరువెందుకు తీయడం?"

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. అక్క ఆ కారు తోలేది ఎప్పుడో ఒకసారి. కొత్త సెన్సార్ వచ్చి మూడు నెలలైంది. మనవాళ్ల బండే కదా, రేపు చూద్దాంలే అని అరలో పడేశాను. పరాయివాళ్ల బండయితే ఆ సాయంత్రమే బిగించి చచ్చేవాణ్ణి.

"స్టీరింగ్ కింద నల్ల స్విచ్ ఉంటుంది, వెయ్యక్కా."

వేసింది. ఫ్యాను గిర్రున తిరిగింది. ఇంజిన్ మాత్రం కదల్లేదు.

బైకు మీద సందులు దూరి నేను వెళ్లేసరికి ఇరవై నిమిషాలు. బానెట్ అంచుల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. దానివంక చూడాలనిపించలేదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు సాయం పట్టారు. బావని బ్రిడ్జి చివరిదాకా మోసుకెళ్లి అంబులెన్సు ఎక్కించాం. ఒక గంట ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. పొద్దు వాలకముందే బావ పోయాడు.

వరండాలో బెంచీ మీద అక్క పక్కన కూర్చున్నాను. ఆమే అడిగింది.

"కారుకి ఏమైందిరా?"

పాత బండి కదక్కా అనబోయాను. నోరు రాలేదు. స్విచ్ సంగతి, అరలో ఉన్న సెన్సార్ సంగతి, అంతా చెప్పేశాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఆ స్విచ్ సంగతి ఆయనకి తెలుసా?" అంది.

"తెలుసు."

అక్క నావైపు చూడలేదు.

"ముల్లు పైకి పోతున్నంతసేపూ, బాగున్న చెయ్యి స్టీరింగ్ కిందకి చాపుతూనే ఉన్నాడురా. భయపడుతున్నాడనుకున్నా. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నా. లాక్కోబోయాడు. నేనే వదల్లేదు."