పొలిమేర దాకా ఆయన పాట

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. గార్ల దగ్గరి దీక్షా శిబిరంలో కూర్చున్న ఆటో డ్రైవర్ మాన్‌సింగ్ గుండె ఆగి చనిపోయాడు. తెల్లవారేసరికి తండాకు జెండాలు వచ్చాయి, బ్యానర్ వచ్చింది, జేఏసీ నాయకుడు వెంకట్రాం వచ్చాడు. వెనకాలే బాలనర్సయ్య బ్యాండు దిగింది. అన్నీ ఉద్యమం పాటలే వాయించాలని వెంకట్రాం ముందే చెప్పేశాడు.

భర్త తల దగ్గర కూర్చున్న కమ్లీ అంతా విన్నది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా లేచి వెంకట్రాం దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఆయన పాట ఒకటున్నది. గది వాయించుమను."

ఏ పాటో చెప్పగానే వెంకట్రాం మొహం చిన్నబోయింది. ఎప్పటిదో పాత డిస్కో పాట అది. మాన్‌సింగ్ ఆటోలో క్యాసెట్ అరిగిపోతే మళ్లీ కొన్నాడు, క్యాసెట్ల కాలం పోయాక ఫోన్లో వేయించుకున్నాడు. పెళ్లినాడు మెరిసే చొక్కా తొడుక్కుని తండా అంతా చూస్తుండగా ఆ పాటకే ఆడాడు. కొత్త మనిషంటే బెదిరి తల దించుకున్న కమ్లీ అప్పుడే మొదటిసారి అతన్ని తలెత్తి చూసింది. నవ్వింది కూడా.

"అమరుడి ముంగట డిస్కో పాటనా, చెల్లె? పేపరోళ్లు వస్తరు. ఇప్పటికే సినిమాలల్ల మన మాటకు నవ్వుతున్నరు. ఇగ మన సావుకు గూడ నవ్వాల్నా?"

"మీకు అమరుడు. నాకు పెనిమిటి," అన్నది కమ్లీ. "మీ పాటలు అవుతల వాయించుకోండ్రి. నేనొచ్చేది పొలిమేర దాకనే గదా. గంత దూరం ఆయన పాట ఉండనియ్యి."

ఆ తండాలో ఆడవాళ్లు పొలిమేర దాటి శవం వెంట పోరు. వెంకట్రాం బాలనర్సయ్య వైపు తిరిగి, సరేనని తల ఊపాడు.

పాడె లేచింది. బ్యాండువాళ్లు ఆ పాటను బరాత్‌లో తప్ప ఎన్నడూ వాయించలేదు. అలవాటుకొద్దీ పెళ్లి ఊపులోనే ఎత్తుకున్నారు. జెండాలు పట్టిన పోరగాళ్ల భుజాలు వాటంతటవే కదిలి, అంతలోనే సిగ్గుతో బిగుసుకున్నాయి. ఎవరో కసిరారు. బాలనర్సయ్య చెయ్యెత్తి డ్రమ్ముల జోరు తగ్గించాడు. నిదానించిన కొద్దీ, ఆ పాటలో అంత దుఃఖం ఉందని అందరికీ తెలిసివచ్చింది.

పాటలో ఒకచోట వాయిద్యాలన్నీ ఆగి రెండు చప్పట్లు పడతాయి. ఆ చోటు వచ్చింది, బ్యాండు ఆగింది. ముసలి గట్టమ్మ రెండు చప్పట్లు చరిచింది. మళ్లీ ఆ చోటు వచ్చినప్పుడు పక్కవాళ్లు కలిశారు. తర్వాత అందరూ కొట్టారు. ఒక్కరూ నవ్వలేదు. పాడె మోస్తున్న వెంకట్రాంకు చేతులు ఖాళీ లేవు. పెదవులతోనే పాట మాటలు అనుకుంటూ నడిచాడు.

పొలిమేరలో ఆడవాళ్లు ఆగారు. బాలనర్సయ్య బాకా దించి వెంకట్రాం వైపు చూశాడు.

"ఆపకు," అన్నాడు వెంకట్రాం. "గదే వాయించు."

మగవాళ్లు సాగిపోయారు. కమ్లీ పోలేని దారిలో పాట పోతోంది. పత్తిచేల అవతలికి మళ్లింది. ఇంటికి పోదాం రమ్మని పక్కవాళ్లు కమ్లీ చెయ్యి పట్టుకున్నారు.

"జర ఆగుండ్రి," అన్నది. "ఇంకా ఇనబడుతున్నది."