ఎండకు చెడలేదు

నేను ఒక గాజు పలకను. నా జంటను కర్పూర హారతి చంపింది. నింద ముందు నా మీద, తరువాత సూర్యుడి మీద వేశారు. ఇందులో రెండో పక్షం లేదు.

అనంతపురం దాటాక ఒక బోడిగుట్ట మీద సూర్యుణ్ణి చూసే టెలిస్కోపు ఉంది. దాని వెనక ఒక యంత్రం. సూర్యుడి వెలుగు ఏ దిక్కుగా కంపిస్తుందో చూసి, అక్కడి మచ్చల్లో అయస్కాంత బలం ఎంతో చెప్పడం దాని పని. అది చెప్పేది నిజమో కాదో తేల్చడం మా పని. మా అంటే నాదీ, ఆమెదీ. నేను వెలుగును ఒకే దిక్కుకు వడగడతాను. ఆమె స్ఫటికం. నేను పంపిన వెలుగుకు ముందే తెలిసిన మెలిక వేస్తుంది. తక్కెడలో తూకపురాయి వేసి చూసినట్టు, రోజూ పొద్దున్నే మమ్మల్ని వెలుగుకు అడ్డం పెట్టి తిప్పి యంత్రాన్ని పరీక్షించేవారు. మనుషులు మా ఇద్దరినీ 'అది' అంటారు. నేను ఆమె అంటాను.

మమ్మల్ని బెంగళూరులో ఒకే బల్ల మీద సానబట్టి, ఒకే ఇత్తడి కడియంలో బిగించారు. ఆమెది రెండు పలుచని పొరలను జిగురుతో అతికించిన ఒళ్లు. గుట్ట మీద మొదట మమ్మల్ని చూసుకున్న పెద్దాయన తొడుగు లేకుండా చెయ్యి వేసేవాడు కాదు. ఇంట్లో భార్యను అంత భద్రంగా చూసుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆయన రిటైరయ్యాక పరిశోధన విద్యార్థి వకుళ వచ్చింది. నాలుగేళ్లపాటు మేమిచ్చిన విలువలను చుక్కలు పెట్టి గీత గీసింది. ఆ గీత గడపలా చదునుగా ఉండేది. అది కదలనంత కాలం వకుళ కొలిచిన మచ్చలన్నీ నమ్మదగినవే.

ఆయుధపూజ నాడు హారతి ఎప్పుడూ గది వాకిట్లోనే ఆగేది. ఆ యేడు కొత్త డైరెక్టరు దక్షిణామూర్తి గారు ఒప్పుకోలేదు.

"వాకిలికిస్తే ఏం పుణ్యం? సూర్యనారాయణమూర్తి వెలుగు పడే చోట ఇవ్వాలి."

"సార్, లోపల వేడి తగిలితే..." అంది వకుళ.

"రోజూ సూర్యుణ్ణే మోసేదానికి కర్పూరం ఒక వేడా తల్లీ?"

అందరూ నవ్వారు. మెకానిక్ ఓబులేసు మా మీది మూత తీశాడు. పళ్లెంలో గుప్పెడు కర్పూరం. మంటకు దగ్గరగా నా జంట ఉంది, ఆమె చాటున నేను. డైరెక్టరు గారు కళ్లు మూసుకుని మంత్రం ఆసాంతం చదివారు. పొరల మధ్య జిగురు ఉడికి బుడగ లేచింది. అందరూ హారతి కళ్లకద్దుకున్నారు.

మరునాడు పొద్దున గీత ఒక్కసారిగా మెట్టు దిగింది.

"ఆ గాజు పలక పాతబడిందమ్మా. ఏళ్లుగా మెల్లగా చెడుతూ వచ్చుంటుంది," అన్నారు డైరెక్టరు గారు. నన్నే.

"నాలుగేళ్లు గీత కదల్లేదు కదా సార్?"

"యంత్రమూ చెడి, పలకా చెడితే గీత కదలదు. ఇద్దరు అబద్ధాలకోర్లు కూడబలుక్కుంటే మాట కుదురుతుంది."

నేను ఏళ్లుగా చెడుతూ వచ్చి ఉంటే వకుళ నాలుగేళ్ల కొలతలూ చెత్తబుట్టకే పోవాలి. కడియం విప్పి నన్ను ఒక్కడినే బయటికి తీసింది. నాలాంటి కొత్త పలకను నాకు అడ్డదిక్కుగా నిలిపి ఎండలో చూసింది. నేను సరిగ్గా ఉంటే, నేను వడగట్టిన వెలుగు ఆ రెండోదాన్ని దాటకూడదు. దాటలేదు. చిమ్మచీకటి. కొత్తలో ఎంత చీకటో అంత చీకటి.

అప్పుడు నా జంటను పైకెత్తి చూసింది. లోపల బుడగ. అంచున మసి. తీసుకెళ్లి డైరెక్టరు గారి ముందు పెట్టింది.

"పలక బాగానే ఉంది సార్. పోయింది ఇది. హారతికి పోయింది."

"అని రిపోర్టులో రాస్తావా? పైవాళ్లు పకపకా నవ్వుతారు."

"మరేం రాయమంటారు?"

"ఎండ వేడికి ఆ పూటే చెడిందని రాయి. అంతకుముందువన్నీ మంచివేనని నేను సంతకం పెడతాను. నీ నాలుగేళ్లు నీకు దక్కుతాయి."

వాకిట్లోంచి ఓబులేసు అన్నాడు: "రాయమ్మా. సూర్యుడేమన్నా దిగొచ్చి కాదంటాడా?"

వకుళ రాసింది.

నా జంట ఇప్పుడు సందర్శకుల గదిలో, అద్దాల బీరువాలో ఉంది. పక్కన చీటీ: 'ఎండ వేడికి చెడిన స్ఫటికం.' బడిపిల్లలు వచ్చి గట్టిగా చదివి పోతారు. ఏళ్లతరబడి ఎండకు ఎదురు నిలిచి, పొర కూడా సడలనిదానికి ఆ పేరు పెట్టారు.

నా పక్కన కొత్త స్ఫటికాన్ని బిగించారు. బాగానే పనిచేస్తుంది. నేను దానితో మాట్లాడను. వకుళకు డాక్టరేటు వచ్చింది. వెళ్లిపోయే రోజున నన్ను మెత్తటి గుడ్డతో తుడిచింది. తుడిస్తే తుడిచింది. ఆమె నాలుగేళ్లను నిలబెట్టింది నేను. నా జంట చావును అమ్ముకున్నది ఆమె. క్షమించమని అడగలేదు. అడిగినా నా దగ్గర క్షమ లేదు.

పొద్దున్నే నన్ను తిప్పుతారు. వెలుగు సంగతి అడుగుతారు. చెబుతాను, తప్పు చెప్పడం నాకు చేతకాదు. నా జంట సంగతి మాత్రం ఎవరూ అడగవద్దు. ఒకసారి చెప్పాను. ఇక చెప్పను.